పొటాషియం: ఒకే ఇంట్లో ఒకరికి మేలు, ఒకరికి ముప్పు



ఈ మధ్య మన ఇళ్లలో నాలుగు వస్తువులు తరచుగా కనిపిస్తున్నాయి. పొయ్యి పక్కన "లో సోడియం" అని రాసి ఉన్న ఉప్పు డబ్బా. ఫ్రిజ్‌లో కొబ్బరి నీళ్ల ప్యాకెట్లు. జిమ్‌కి వెళ్లే పిల్లల బ్యాగులో ఎలక్ట్రోలైట్ పొడి. ఇండియా నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన అమ్మానాన్నల మందుల సంచిలో బీపీ మాత్రలు. ఈ నాలుగింటికీ ఒక సంబంధం ఉంది. మొదటి మూడింటిలో పొటాషియం ఉంటుంది. నాలుగోది, కొన్ని రకాల బీపీ మాత్రల విషయంలో, ఒంట్లోంచి పొటాషియం బయటికి పోవడాన్ని కొంత తగ్గిస్తుంది. విడివిడిగా చూస్తే నాలుగూ మంచివే. కిడ్నీల పని కాస్త తగ్గిన ఒకే మనిషి దగ్గర నాలుగూ కలిస్తే మాత్రం ప్రమాదం.

నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఇంట్లో పెద్దవాళ్ల మందులు, రిపోర్టులు చూసుకునే క్రమంలో నేర్చుకున్నదాన్ని, మంచి ఆధారాలతో సరిచూసుకుని రాస్తున్నాను. ఇది చదివి ఎవరూ మందులు మానవద్దు, కొత్తవి మొదలుపెట్టవద్దు. మీ డాక్టర్‌ని ఏం అడగాలో తెలిస్తే చాలు.

పొలంలో చల్లే పొటాషే

వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు యూరియా, డీఏపీ, పొటాష్ అనే మూడు పేర్లు కొత్త కాదు. ఆ మూడోది, మ్యూరేట్ ఆఫ్ పొటాష్, రసాయనం పేరుతో చెప్పాలంటే పొటాషియం క్లోరైడ్. లో సోడియం ఉప్పులో మామూలు ఉప్పు బదులు కలిపేదీ అదే పదార్థం. తినడానికి శుద్ధి చేసినది కాబట్టి భయపడే పని లేదు. ఉప్పు డబ్బా మీద ఆ పేరు కనిపిస్తే అదేమిటో గుర్తుపట్టడానికి ఈ పోలిక చెప్పాను.

కట్టెల బూడిదను కుండలో నీళ్లు పోసి తేర్చి, ఆ నీటిని మరగబెట్టి తీసిన పదార్థాన్ని ఇంగ్లీషులో పాట్ యాష్, అంటే కుండ బూడిద అన్నారు. అదే పొటాష్ అయింది. 1807లో హంఫ్రీ డేవీ దాన్నుంచి లోహాన్ని వేరు చేసి పొటాషియం అని పేరు పెట్టాడు. మొక్కలు నేల నుంచి పొటాషియం తీసుకుంటాయి కాబట్టే కాలిస్తే బూడిదలో మిగులుతుంది. అదే కారణంగా పప్పులు, ఆకుకూరలు, దుంపలు, పళ్లు, ఏవి తిన్నా మనకు పొటాషియం అందుతుంది.

ఒంట్లో దాని పని

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం 120 నుంచి 140 గ్రాముల పొటాషియం ఉంటుంది. అందులో నూటికి 98 వంతులు కణాల లోపలే ఉంటుంది. సోడియం అలా కాదు, ఎక్కువగా కణాల బయట ఉంటుంది. ఈ తేడాను నిలబెట్టడానికి ప్రతి కణం గోడలోనూ చిన్న చిన్న పంపులు నిరంతరం పనిచేస్తుంటాయి. ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతాయి. 1957లో ఈ పంపును కనుగొన్న డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకి 1997లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నరాల్లో కబురు నడవాలన్నా, కండరం ముడుచుకోవాలన్నా, గుండె లయ తప్పకుండా కొట్టుకోవాలన్నా లోపలికీ బయటికీ మధ్య ఈ తేడా ఉండాలి.

కణాల బయట, రక్తంతో సహా, ఉండే పొటాషియం మొత్తం కలిపి సుమారు రెండున్నర గ్రాములు మాత్రమే. మనం ఒక్క పూట భోజనంలోనే ఒక గ్రాము తినగలం. అదంతా రక్తంలోనే ఉండిపోతే గుండెకు ఇబ్బంది. ఉండిపోకుండా రెండు ఏర్పాట్లున్నాయి. తిన్న వెంటనే ఇన్సులిన్ సాయంతో చాలా భాగం కణాల్లోకి చేరుతుంది. ఆ తర్వాత కొన్ని గంటల్లో కిడ్నీలు అవసరానికి మించినదాన్ని మూత్రంలో పంపేస్తాయి. బయటికి పోయే పొటాషియంలో సుమారు 90 శాతం కిడ్నీల దారినే పోతుంది. అందుకే కిడ్నీలు బాగున్నవాళ్లు గ్లాసుడు కొబ్బరి నీళ్లు తాగినా ఏమీ కాదు. కిడ్నీల పని తగ్గినా, డయాబెటిస్ వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినా అదే గ్లాసు లెక్క మారిపోతుంది.

రక్తంలో పొటాషియం మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5.0 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. ల్యాబును బట్టి పై హద్దులో కొద్దిగా తేడా ఉంటుంది. ఇక్కడి రిపోర్టుల్లో మిల్లీ ఈక్వివలెంట్స్ అని ఉన్నా, పొటాషియం విషయంలో అంకె ఒకటే.

రోజుకు ఎంత కావాలి, మన పళ్లెంలో ఎంత ఉంది

అమెరికా నేషనల్ అకాడెమీస్ 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో మగవాళ్లకు రోజుకు 3400 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 2600 మిల్లీగ్రాములు సరిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లు కనీసం 3510 మిల్లీగ్రాములు తీసుకోవాలంటుంది. చాలామంది తినేది ఇంతకన్నా తక్కువే. మన వంటింటి వస్తువుల్లో ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది:

• తెల్లన్నం, ఒక కప్పు: 55 మి.గ్రా.
• ఉడికించిన కందిపప్పు, ఒక కప్పు: 600 మి.గ్రా. పైన
• ఉడికించిన పాలకూర, అర కప్పు: 420 మి.గ్రా.
• పెరుగు, ఒక కప్పు: 380 మి.గ్రా.
• అరటిపండు, మధ్యరకం: 420 మి.గ్రా.
• బంగాళాదుంప, మధ్యరకం, తొక్కతో బేక్ చేసినది: 900 మి.గ్రా.
• చిలగడదుంప, మధ్యరకం, తొక్కతో బేక్ చేసినది: 540 మి.గ్రా.
• కొబ్బరి నీళ్లు, ఒక కప్పు: 400 నుంచి 600 మి.గ్రా.

పొటాషియం అనగానే అందరూ అరటిపండు అంటారు గానీ, కప్పుడు పప్పులో అంతకన్నా ఎక్కువే ఉంది. అన్నంలో మాత్రం దాదాపు లేదు. పళ్లెం నిండా అన్నం పెట్టుకుని, గరిటెడు పప్పు, కాస్త వేపుడు, ఊరగాయ వేసుకుని తినే అలవాటు ఉన్నవాళ్లకు సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ అందుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఈ కొలతను తిరగేస్తే చాలు. అన్నం తగ్గించి, పప్పు, ఆకుకూర, పెరుగు పెంచితే ఏ మాత్రా అవసరం లేకుండా లోటు తీరుతుంది.

దీనివల్ల బీపీకి మేలు ఉంటుంది. పొటాషియం తగినంత తింటే కిడ్నీలు సోడియాన్ని ఎక్కువగా బయటికి పంపుతాయి, రక్తనాళాలు కూడా కొంత సడలుతాయి. 1997లో వెలువడిన డాష్ అనే అమెరికా పరిశోధనలో పళ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువ ఉన్న పాల పదార్థాలు ఎక్కువగా పెట్టినవాళ్లకు ఉప్పు మార్చకుండానే బీపీ తగ్గింది. బీపీ ఉన్నవాళ్లకు ఇక్కడి డాక్టర్లు ఇచ్చే ఆహార సలహాలకు ఈనాటికీ అదే ఆధారం.

లో సోడియం ఉప్పు: మంచిదే, కానీ అందరికీ కాదు

ఈ ఉప్పు వెనుక గట్టి పరిశోధనే ఉంది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేలమందితో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. వాళ్లందరూ అంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్లు, లేదా అరవై దాటి బీపీ అదుపులో లేనివాళ్లు. సగం పల్లెల్లో మామూలు ఉప్పు, మిగతా సగంలో నాలుగింట ఒక వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడారు. సుమారు ఐదేళ్ల తర్వాత, 2021లో ఫలితాలు వచ్చాయి. కలిపిన ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయి. ఉప్పు డబ్బా మార్చినందుకు ఇది చాలా పెద్ద మేలు.

అయితే తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలో మొదటే చేర్చుకోలేదు. పొటాషియాన్ని నిలిపి ఉంచే మాత్రలు వాడే ఇళ్లనూ పక్కన పెట్టారు. అంటే ఆ మేలు వాళ్లకూ వర్తిస్తుందని చెప్పడానికి వీల్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పు వాడవచ్చని సూచిస్తూనే, ఆ సూచన పిల్లలకు, గర్భిణులకు, కిడ్నీల పని తగ్గినవాళ్లకు వర్తించదని స్పష్టంగా చెప్పింది.

లెక్క వేసి చూద్దాం. పొటాషియం క్లోరైడ్ బరువులో సగానికి కొంచెం పైన పొటాషియమే. ఒక మనిషి రోజుకు 8 గ్రాముల ఉప్పు తింటాడనుకుందాం. మన కూరలు, చారు, మజ్జిగ, ఊరగాయ కలిస్తే అదేమీ ఎక్కువ కాదు. ఆ ఉప్పులో సగం పొటాషియం క్లోరైడ్ అయితే 4 గ్రాములు, అంటే సుమారు 2100 మిల్లీగ్రాముల పొటాషియం అదనం. ఐదు అరటిపండ్లతో సమానం, అదీ రోజూ. కిడ్నీ జబ్బు ఉన్న మనిషి అరటిపండు మానేసి, ఇలాంటి ఉప్పుతో వండిన కూర తింటే ఏం లాభం?

ఇక్కడి దుకాణాల్లో దొరికే ఈ ఉప్పులన్నీ ఒకటి కావు. "లైట్" అన్నవాటిలో సాధారణంగా సగం సగం ఉంటుంది. "సాల్ట్ సబ్‌స్టిట్యూట్" అన్నవాటిలో సోడియం అసలు ఉండకపోవచ్చు, అంతా పొటాషియం క్లోరైడే. అలాంటి ఉప్పు పావు టీస్పూన్‌లో 600 మిల్లీగ్రాముల పైన పొటాషియం ఉంటుంది. డబ్బా ముందువైపు రాతలు కాకుండా వెనక ఉన్న ఇంగ్రీడియంట్స్ చదవండి.

సైంధవ లవణం గురించి కూడా చాలామందికి సందేహం. ఉపవాసాలకు వాడే సైంధవ లవణం, ఇక్కడ పింక్ సాల్ట్ అని అమ్మేది, దాదాపు అంతా మామూలు సోడియం క్లోరైడే. అందులో పొటాషియం లెక్కలోకి రానంత తక్కువ. కాబట్టి పొటాషియం భయం లేదు, కానీ బీపీకి మంచిదని ఇష్టం వచ్చినంత వేసుకునేదీ కాదు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

మొదట, కిడ్నీల పని తగ్గినవాళ్లు. ఈజీఎఫ్ఆర్ అనే అంకె మూడు నెలలకు పైగా 60 కన్నా తక్కువ ఉంటే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. చాలామందికి ఏ బాధా తెలియదు, రక్తపరీక్షలోనే బయటపడుతుంది. ఏళ్ల తరబడి షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుంది.

రెండు, కొన్ని మందులు వాడేవాళ్లు. పేర్లు గుర్తుపట్టడం తేలిక. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మెసార్టాన్ లాగా "సార్టాన్" అని ముగిసేవి. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ లాగా "ప్రిల్" అని ముగిసేవి. గుండె బలహీనతకు, బీపీకి ఇచ్చే స్పైరోనోలాక్టోన్, ఎప్లెరెనోన్. ఇవన్నీ రక్తంలో పొటాషియాన్ని కొంత పెంచుతాయి. ఇండియాలో బీపీకి రాసే మాత్రల్లో టెల్మిసార్టాన్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్కోసారి అది వేరే మందుతో కలిపిన మాత్రలో ఉంటుంది, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో చూడాలి. ఆమ్లోడిపిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ మాత్ర వల్ల పొటాషియం పెరగదు.

ఈ మాత్రలు చెడ్డవి కావు. షుగర్ ఉన్నవాళ్లలో కిడ్నీలను కాపాడటానికే వీటిని ఇస్తారు. వీటిని సొంతంగా మానేయడం పొటాషియం కన్నా పెద్ద ప్రమాదం. అదనంగా పొటాషియం చేర్చకుండా ఉండటం, డాక్టర్ చెప్పినప్పుడు రక్తపరీక్ష చేయించుకోవడం మన పని.

మూడు, ఇదే మనుషులు మోకాళ్ల నొప్పులకని ఐబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ రోజుల తరబడి వేసుకోవడం. ఇవి కిడ్నీల పని తగ్గించి పొటాషియాన్ని పెంచగలవు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ కూడా అంతే. అత్యవసర క్లినిక్‌కి వెళ్లినప్పుడు పెద్దవాళ్లు ఇండియాలో వాడే మందుల జాబితా చేతిలో ఉండాలనడానికి ఇదొక కారణం. అక్కడి డాక్టర్‌కు ఆ సంగతి తెలిసే దారి మరొకటి లేదు.

మా నాన్నగారికి షుగర్ చాలా ఏళ్లుగా ఉంది, టెల్మిసార్టాన్ వాడతారు. ఇక్కడికి బయల్దేరే ముందు ఊళ్లో రక్తపరీక్ష చేయిస్తే పొటాషియం 5.8 వచ్చింది. డాక్టర్‌గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం ఉప్పు వాడుతున్నారండీ?" అని. బీపీకి మంచిదని ఎవరో చెబితే మూడు నెలలుగా లో సోడియం ఉప్పు వాడుతున్నారు. ఎండలకి రోజూ ఒక కొబ్బరి బోండాం కూడా. రెండూ మాన్పించి పది రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే 4.9కి దిగింది. మాత్ర మార్చలేదు. ఆ మూడు నెలలూ నాన్నగారికి ఏ బాధా లేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. పొటాషియం పెరిగితే చాలాసార్లు పైకి ఏమీ తెలియదు.

పెరిగితే ఏమవుతుంది

తెలిసే లక్షణాలు కొన్ని ఉన్నాయి. కాళ్లలో సత్తువ లేనట్టు ఉండటం, తిమ్మిర్లు, వికారం, గుండె దడ లేదా కొట్టుకోవడంలో తేడా. బాగా పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది. 5.5 దాటితే డాక్టర్‌తో వెంటనే మాట్లాడాలి. 6 దాటితే సాధారణంగా ఆసుపత్రిలో ఈసీజీ తీసి చూడవలసిన విషయం. కిడ్నీ జబ్బు ఉన్న మనిషికి హఠాత్తుగా కాళ్లు బలహీనమై, గుండె దడ వచ్చి, కళ్లు తిరిగితే రేపు చూద్దాం అనుకోకుండా 911కి ఫోన్ చేయండి.

రిపోర్టులో ఎక్కువ కనిపించిన ప్రతిసారీ ఒంట్లో ఎక్కువ ఉన్నట్టు కాదు. రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే బిగించినా, సీసాలో రక్తకణాలు పగిలినా, కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి అంకె ఎక్కువగా చూపిస్తుంది. అలాంటప్పుడు డాక్టర్ మళ్లీ పరీక్ష చేయిస్తారు. ల్యాబు తప్పే అయి ఉంటుందని మనకు మనమే తేల్చేసుకోకూడదు.

ఉద్దానం చెప్పే పాఠం

మనలో కొందరి ఊళ్లకు ఇది చాలా దగ్గరి విషయం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంతం కొబ్బరి, జీడి తోటలకు పేరు. ఉద్యానం అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందంటారు. అదే ప్రాంతంలో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు అసాధారణంగా ఎక్కువ. షుగర్, బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా వస్తోంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

కొబ్బరి చెట్ల నీడలో పెరిగినవాళ్లు, ఇంటికి ఎవరొచ్చినా బోండాం కొట్టి ఇచ్చేవాళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నాక అవే నీళ్లు తాగలేని పరిస్థితి వస్తుంది. ఆ ప్రాంతం నుంచి తల్లిదండ్రులను ఇక్కడికి రప్పించుకునేవాళ్లు టికెట్‌కి ముందే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించడం మంచిది. "కొబ్బరి నీళ్లు చలవ, ఎవరికీ చెడు చేయవు" అన్న మాట కిడ్నీలు బాగున్నవాళ్లకే నిజం.

ఉపవాసాల రోజుల్లో

శివరాత్రికి, ఏకాదశికి, కార్తీక సోమవారాలకు అన్నం మానేసి మనం తినేవి ఏమిటి? ఉడకబెట్టిన చిలగడదుంపలు, బంగాళాదుంపలు, అరటిపళ్లు, ఖర్జూరాలు, పాలు, కొబ్బరి నీళ్లు. ఆరోగ్యవంతులకు ఇది మంచి ఆహారం. కిడ్నీ జబ్బు ఉన్న పెద్దవాళ్లకు మాత్రం మామూలు రోజు కన్నా ఉపవాసం రోజునే పొటాషియం ఎక్కువ అందుతుంది. మందులు వాడేవాళ్లు, అనారోగ్యంతో ఉన్నవాళ్లు ఉపవాసం సడలించుకోవడం మన పెద్దలు ఒప్పుకున్నదే. అన్నం మానడమే నియమం అనుకునేవాళ్లు గోధుమరవ్వ ఉప్మాతోనో, ఆపిల్, ద్రాక్షలాంటి పొటాషియం తక్కువ ఉన్న పళ్లతోనో సరిపెట్టుకోవచ్చు. షుగర్ ఉంటే పళ్ల మోతాదు డాక్టర్‌ని అడగండి.

దుంపలు తినాలనిపిస్తే తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. పొటాషియం నీళ్లలో కరుగుతుంది కాబట్టి చాలా భాగం పోతుంది. కూరగాయలు ఉడికించిన నీళ్లు చారులో పోయడం మామూలుగా మంచి అలవాటే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం కాదు.

మాత్రలు, పొడులు

ఇక్కడి దుకాణాల్లో దొరికే పొటాషియం మాత్రలో సాధారణంగా 99 మిల్లీగ్రాములే ఉంటుంది. పావు అరటిపండుతో సమానం. మోతాదు ఎక్కువ ఉన్న మాత్రలు చిన్నపేగు లోపలి పొరకు పుండు చేసిన సందర్భాలు ఉండటంతో తయారీదార్లు ఈ హద్దులో ఉంటున్నారు. "ఇంత తక్కువా" అని పది మాత్రలు ఒకేసారి వేసుకోవడం మాత్రం చేయకూడని పని. ఆరోగ్యవంతులకు ఈ మాత్ర అవసరం లేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా ముట్టుకోకూడదు.

విడిగా అమ్మే పొటాషియం పొడి ఇంకా ప్రమాదం. పొటాషియం క్లోరైడ్ ఒక టీస్పూన్‌లో రెండున్నర గ్రాముల పైన పొటాషియం ఉంటుంది. నీళ్లలో కలిపి ఒక్క గుక్కలో తాగితే అది కూరలో తిన్నట్టు నెమ్మదిగా చేరదు, రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా ఇది మంచిది కాదు. పిల్లలకు అందేచోట అసలు పెట్టవద్దు. ఎలక్ట్రోలైట్ పొడుల్లో పొటాషియం బ్రాండును బట్టి చాలా తేడాగా ఉంటుంది. గంటసేపు ఆడి వచ్చిన పిల్లలకు మంచినీళ్లు, మజ్జిగ, ఒక పండు చాలు.

డాక్టర్ రాసిచ్చే పొటాషియం వేరు. రక్తంలో తగ్గినప్పుడు, లేదా కొన్ని రకాల కిడ్నీ రాళ్లకు పొటాషియం సిట్రేట్‌గా, కొలత చూసి ఇస్తారు. 10 మిల్లీ ఈక్వివలెంట్స్ అంటే 390 మిల్లీగ్రాములు. ఆ మాత్రను భోజనంతో పాటు, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. నెమ్మదిగా కరిగే మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. మింగిన వెంటనే పడుకోకూడదు. సిరప్ అయితే చెప్పినన్ని నీళ్లు కలిపే తాగాలి. ఇండియాలో ఒకప్పుడు రాసిచ్చిన సిరప్ సీసా మిగిలిందని "నీరసంగా ఉంది" అనగానే తీసి పోయడం మానుకోవాలి.

తగ్గినా ప్రమాదమే

వాంతులు, విరేచనాలు ఎక్కువైనప్పుడు, హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్, ఫ్యూరోసెమైడ్ లాంటి నీరు పోయే మాత్రలు వాడినప్పుడు పొటాషియం తగ్గవచ్చు. నీరసం, కండరాలు పట్టేయడం, మలబద్ధకం, గుండె లయలో తేడా వస్తాయి. మెగ్నీషియం కూడా తగ్గి ఉంటే, అది సరిచేసేదాకా పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్‌లో ఉప్పు, చక్కెరతో పాటు లీటరుకు 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉండటం ఈ నష్టం పూడ్చడానికే. ఇంట్లో కలిపే ఉప్పు, పంచదార నీళ్లలో అది ఉండదు. అందుకని ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

మన ఇళ్లలో వాడే ఒక మూలిక సంగతి కూడా చెప్పాలి. దగ్గుకి కషాయంలో వేసే అతిమధురం రోజూ ఎక్కువగా తీసుకుంటే పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది. నీరు పోయే మాత్రలు వాడేవాళ్లకు ఇది మరీ ఇబ్బంది. రెండు రోజుల దగ్గుకి కొంచెం వాడటం వేరు, నెలల తరబడి టీలా తాగడం వేరు. రాత్రిళ్లు పిక్కలు పట్టేసిన ప్రతిసారీ పొటాషియం తక్కువైందనుకోవడమూ సరి కాదు. దానికి కారణాలు చాలా ఉంటాయి, పరీక్ష లేకుండా తెలియదు.

ఈ వారంలో చేయగలిగిన పనులు

• ఇంట్లో ఉన్న ఉప్పు డబ్బా వెనక చదవండి. పొటాషియం క్లోరైడ్ అని ఉంటే ఇంట్లో అందరికీ అది సరిపడుతుందో లేదో చూసుకోండి. ఒక్కరికి పడకపోయినా వంటకు మామూలు ఉప్పే వాడి, మోతాదు తగ్గించండి.
• అమ్మానాన్నలు, అత్తమామలు వాడే మందుల పేర్లన్నీ, స్ట్రిప్ మీద ఉన్న అసలు మందు పేరుతో సహా, ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి.
• చివరి రక్తపరీక్షలో పొటాషియం, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ ఎంత ఉన్నాయో చూడండి. ఇక్కడ బేసిక్ మెటబాలిక్ ప్యానెల్ అనే మామూలు పరీక్షలోనే ఇవి వస్తాయి. ఇండియాలో సీరం ఎలక్ట్రోలైట్స్, క్రియాటినిన్ అని అడగాలి.
• డాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడగండి: మా ఉప్పు సరైనదేనా? కొబ్బరి నీళ్లు తాగవచ్చా? ఈ మందులకు రక్తపరీక్ష ఎన్నాళ్లకొకసారి?
• ఇలాంటి మందులు వాడే పెద్దవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మొదటి రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీల పని త్వరగా పడిపోతుంది.

చివరగా ఒక మనవి. పండుగలకు, అన్నదానానికి ఇంటి నుంచి వండి తెచ్చేవాళ్లు దయచేసి మామూలు ఉప్పుతోనే వండండి. ఆ పులిహోర ఎవరి విస్తట్లోకి వెళ్తుందో మనకు తెలియదు. తినేవాళ్లకు తమ ఇంటి ఉప్పు సంగతి తెలుస్తుంది గానీ మన ఇంటి ఉప్పు సంగతి తెలియదు. ఉప్పు తక్కువైతే వడ్డించేటప్పుడు కొంచెం వేసుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు.